పోయేటప్పుడు నడక, వచ్చేటప్పుడు చంక

ఎదురింటి నానీ పోయిందన్న కబురు నాకు ఆత్మకూరులో అందింది. ఫిజియోథెరపీ సెంటర్లో మా పాపను బల్ల మీద కూర్చోబెట్టి బూటు పట్టీ బిగిస్తున్నాను. ఫోను మోగింది. మా ఆయన.

"మే, నానీ పోయింది. టీ తాగి, ఎప్పట్లాగే వసారాలో పనికి కూచున్నాదంట. కోడల్ని మంచినీళ్ళు అడిగినాది. చెంబు తెచ్చేలోపల కూచున్నది కూచున్నట్టే ఒరిగిపోయినాది. పొద్దుగూకకముందే తీసకపోతారంట, బిన్నా బస్సెక్కండి" అన్నాడు.

చదివే మీరు ఏమనుకున్నా సరే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ఉక్రోషం వచ్చింది. ఎందుకంటే ఆ పొద్దు నాది. ఆ ఫోను రావడానికి కాసేపటి ముందే మా పాప, ఏడేళ్ళ పిల్ల, రెండు ఇనుప కమ్మీలు పట్టుకొని నడుస్తూ నడుస్తూ చేతులు వదిలేసింది. ఎవరినీ, దేన్నీ పట్టుకోకుండా కాసిని అడుగులు వేసి, చివర అద్దం ముందు నిలబడ్డ ఫిజియో మేడమ్ నడుం వాటేసుకుంది. మేడమ్ గట్టిగా అరిచి చప్పట్లు కొట్టింది. నేను కమ్మీల ఈ చివర కొంగు నోట్లో కుక్కుకొని నిలబడ్డాను. పాప నడిచింది నా వైపు కాదు, మేడమ్ వైపు. సరే, దానికి నేను అలవాటు పడ్డాను. కానీ చూసింది మాత్రం మేమిద్దరమే. నానీ చూడలేదు. జీవితంలో మొదటిసారి నానీ కంటే ముందు నేను చూశాను. ఇంటికి పోయి ఆమెతో ఆ సంగతి ఎంత నిదానంగా, ఎంత మామూలుగా చెప్పాలో, చెబుతూ ఆమె మొహం ఎలా చూడాలో అనుకుంటూ బూటు పట్టీ బిగిస్తున్నాను. అంతలో ఈ ఫోను. ఆ ఒక్క పొద్దునైనా నాకు మిగలనివ్వలేదు ఆ మనిషి.

ఉదయగిరిలో కొండ కిందుగా ఉన్న సన్నని సిమెంటు వీధి మాది. మా గడపకు సరిగ్గా ఎదురుగా వాళ్ళ వసారా. కొండ మీది కట్టెతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఇల్లు. కొడుకు కట్టె కోసి ఆకారం తీసేవాడు. నానీ వసారాలో గోడకు ఆనుకొని కూర్చుని ఆకురాయితో వాటిని నున్నగా రుద్దేది. కోడలు ఆ చివర కూర్చుని నూనె పట్టించి ఎండబెట్టేది. కూతురి పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు అమ్మమ్మను నానీ, నానీ అని పిలుస్తుంటే వీధి మొత్తానికి అదే పేరు అయిపోయింది. మా పాపకూ అంతే. జలదంకిలో ఉన్న మా అమ్మను అమ్మమ్మా అని పిలవడం రాకముందే ఎదురింటావిడను నానీ అని పిలిచింది. ఆ మాట చెవిన పడిన రోజు మా అమ్మ చేతిలోని అన్నం ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. ఈ కడుపుమంట నాకు ఎక్కడి నుంచి వచ్చిందో దాన్నిబట్టి మీకు తెలిసే ఉంటుంది.

పాప నెలలు నిండకుండా పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. ఈడు పిల్లలు గోడ పట్టుకొని నిలబడే వయసుకు ఇది ఇంకా కూర్చోలేకపోయింది. నిలబెడితే కాళ్ళు కర్రల్లా బిగుసుకొని కత్తెర వేసినట్టు ఒకదాని మీదికి ఒకటి వచ్చేవి. మడమలు నేలకు ఆనేవి కావు, మునివేళ్ళ మీదే బరువంతా. నెల్లూరులో పెద్ద డాక్టరు చూసి సెరిబ్రల్ పాల్సీ అన్నాడు. లోపం కాళ్ళలో లేదని, కాళ్ళకు కబురు పంపే మెదడులో ఉందని, మందుతో పోయేది కాదని, వ్యాయామం చేయించే కొద్దీ నడక బాగుపడుతుందని చెప్పాడు. అప్పటిదాకా నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మానేశాను. వారం వారం ఆత్మకూరు బస్సు, మిగిలిన రోజులు ఇంట్లో నేను.

మేడమ్ నేర్పినట్టు పొద్దునా సాయంత్రం పిక్కలు సాగదీయాలి. తొడ వెనక నరం పట్టేసి ఉంటుంది, మోకాలు చాపి కాలు పైకెత్తి పట్టుకోవాలి. చిన్న పీట మీద కూర్చోబెట్టి లేపాలి, మళ్ళీ కూర్చోబెట్టాలి, మళ్ళీ లేపాలి. గోడకు వీపు ఆనించి నిలబెట్టాలి. పాప కెవ్వుమని ఏడ్చేది. నేను కూడా ఏడుస్తూనే పట్టుకునేదాన్ని, వదిలేదాన్ని కాదు. ఆ అరుపులకు ఎదురింటి నుంచి కేక వచ్చేది.

"ఏమే, నా బంగారాన్ని ఏం చేస్తాండావే ఆడ?"

ఆ గొంతు వినగానే పాప ఏడుపు రెట్టింపయ్యేది. తన పక్షాన మాట్లాడే మనిషి ఒకరున్నారని దానికి అప్పుడే అర్థమైపోయింది. ఏడిపించేది నేను, ఓదార్చేది ఆమె. కాళ్ళు లాగి నొప్పి పుట్టించేది నేను, బిస్కెట్టు టీలో ముంచి నోట్లో పెట్టేది ఆమె. పని పంచుకునేటప్పుడు మంచి భాగం ఎవరికి పడిందో చూడండి. వ్యాయామం అయ్యాక పాప నా వైపు చూసే చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఆ చూపు చూసి, అటు తిరిగి, మోచేతుల మీద పాక్కుంటూ గడప దాకా పోయి, వీధి అవతలికి చేతులు చాపేది.

నాలుగేళ్ళు వచ్చాక నెల్లూరులో కాళ్ళకు కొలత తీసి స్ప్లింట్లు చేసిచ్చారు. మడమ నుంచి పిక్క దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీలు, వాటి మీద బూట్లు. మడమ నేలకు ఆనేలా, మోకాలు వంగిపోకుండా అవే నిలబెడతాయి. ముందు రెండు చక్రాలున్న చిన్న వాకర్ కూడా వచ్చింది. మొదటి రోజే పాప వాకర్ ను వీధిలోకి తిప్పింది. సిమెంటు మీద చక్రాలు గరగరలాడుతుంటే ఎక్కడికి పోయిందో వేరే చెప్పాలా?

నానీ కొడుకు మా పాప కోసం వసారా మెట్టుకు ఒక వెడల్పాటి చెక్క వాలుగా వేశాడు. నానీ వాకర్ ముందు కమ్మీకి ఒక గుడ్డ సంచి కట్టింది. తను రుద్దిన చెంచాలు ఆ సంచిలో వేసేది. "పో బేటీ, కోడలికి ఇచ్చి రా" అనేది. పాప వసారా ఈ చివర నుంచి ఆ చివరికి పోయి, సంచిలో ఉన్నవి తీసిచ్చి, మళ్ళీ ఖాళీ సంచితో నానీ దగ్గరికి. కిందపడ్డ చెంచా తీయాలంటే వంగాలి, లేవాలి. మా ఇంట్లో పీట మీద నుంచి లేవమంటే లోకం తలకిందులయ్యేలా ఏడ్చే పిల్ల, అక్కడ చెంచా కోసం ఎన్ని సార్లు వంగి లేచేదో. పడేది కూడా. నేను ఇటు నుంచి పరుగెత్తబోతే నానీ చెయ్యి అడ్డం పెట్టేది.

"పడితే ఏమైతాది? నేల యాడికి పోతాది? ఉండు, అదే లేస్తాది."

నాకు ఒళ్ళు మండేది. పడింది నా బిడ్డ, ఊరుకోమనడానికి నువ్వెవరు అని నోటిదాకా వచ్చేది. ఆ లోపల పాప లేచి నిలబడేది. అప్పుడు ఇంకా మండేది.

నేను కూడా అదే పని మా ఇంట్లో పెట్టాను. సంచిలో స్టీలు గరిటెలు వేసి, వంటింట్లో నుంచి ముందు గదిలోకి తీసుకురమ్మన్నాను. పాప ఒకసారి తెచ్చింది. "ఇయ్యి ఈడికి ఎందుకమ్మా? మళ్ళీ ఆడికేగా పోయేది" అంది. ఎదురింట్లో జరిగేది పని, మా ఇంట్లో జరిగేది వ్యాయామం. ఆ తేడా నాలుగేళ్ళ పిల్ల కనిపెట్టేసింది. రంజాన్ నెలలో సాయంత్రం నానీ పక్కన కూర్చుని, మసీదులో పిలుపు వినపడేదాకా ఖర్జూరపు పండు చేతిలో పట్టుకొని కూర్చునేది. నేను అన్నం గిన్నె పట్టుకొని ఇల్లంతా తిరిగినా తినని పిల్ల ఆ పిలుపు కోసం అంతసేపు ఓపిక పట్టేది.

నానీలో తప్పులు లేవనుకోకండి. నేను వెతికి పెట్టుకున్నాను. టీవీ వీధి చివరిదాకా వినిపించేలా పెట్టేది. తమలపాకు నములుతూ మాట్లాడితే ఎదుటివాళ్ళ మీద తుంపర్లు పడేవి. కూరగాయల బండి వాడితో రోజూ గొడవ. పాపకు పళ్ళు పుచ్చిపోతాయి, తీపి పెట్టొద్దు అని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి, నేను వెనక్కి తిరగ్గానే పెట్టేది. అన్నిటికంటే పెద్ద తప్పు ఏమిటంటే, పాప నడక గురించి ఎవరు పొగిడినా "నాదేముంది, వాళ్ళ అమ్మ కష్టం" అనేది. ఆమె ఒక్కసారి నా వల్లే నడిచింది అని చెప్పుకొని ఉంటే, హాయిగా పోట్లాడి ఉండేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

అసలు మంట ఇది కాదు. పాప ఎదురింటి వసారాలో నిటారుగా నిలబడేది. మడమలు నేలకు ఆనేవి. మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేవి కావు. వాకర్ లేకుండా గోడ పట్టుకొని కూడా ఆ చివరికి పోయేది. అదే పిల్ల మా ఇంట్లోకి రాగానే మునివేళ్ళ మీదికి లేచిపోయేది. కాళ్ళు కత్తెర పడేవి. రెండడుగులు వేసేలోపల కుప్పకూలేది. అదే పిల్ల, అవే కాళ్ళు, మధ్యలో ఒక్క వీధి. ఇది నా మీద కసితో చేసే పని కాకపోతే ఇంకేమిటి?

మా అత్తకు వేరే అనుమానం వచ్చింది. ఒక పొద్దున వీధి దాటి పోయి నేరుగా అడిగేసింది.

"బూబమ్మా, పిల్లకు ఏమన్నా తాయెత్తు కట్టినావా? మంత్రించిన నీళ్ళు తాపినావా? చెప్పు, మేం కూడా తాపుతాం."

నానీ పగలబడి నవ్వింది. "తాయెత్తు ఉంటే నా మోకాళ్ళకు కట్టుకోనా వదినా? బిస్కెట్లే, ఏం లేదు" అంది.

ఇక నేను ఊరుకోలేకపోయాను. పాప ఎదురింట్లో నడుస్తున్నప్పుడు ఫోనులో ఒక వీడియో తీశాను. అదే సాయంత్రం మా ముందు గదిలో నడిపించి ఇంకొకటి తీశాను. ఆ వారం ఆత్మకూరు పోయినప్పుడు రెండూ మేడమ్ చేతిలో పెట్టాను. నిజం చెప్పాలంటే పితూరీ చెప్పడానికే పోయాను. తల్లి దగ్గర వేషాలు వేయకూడదని డాక్టరమ్మలా గదమాయించి చెబుతుందని నా ఆశ.

"చూడండి మేడమ్. ఇది ఎదురింట్లో, ఇది మా ఇంట్లో. నా కాడికొస్తేనే దీనికి కాళ్ళు రావు."

మేడమ్ రెండు వీడియోలూ ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది.

"మీ ఇంట్లో తీసిందాంట్లో బూట్లేవమ్మా?"

"ఇంట్లో కదా మేడమ్" అన్నాను.

నేను ఎంత మామూలుగా అన్నానంటే, మేడమ్ కూడా అవును కదా అన్నట్టు తల ఊపేసింది. ఆ తర్వాత ఆగింది. ఇద్దరం ఒకరి పాదాలు ఒకరం చూసుకున్నాం. ఆమె చెప్పులు సెంటర్ గుమ్మం బయట ఉన్నాయి. నా చెప్పులు వాటి పక్కనే ఉన్నాయి. లోపల బూట్లు వేసుకొని ఉన్నది పిల్లలు మాత్రమే.

"నడిచేటప్పుడంతా వెయ్యమని చెప్పినా గదమ్మా."

"బయట నడిచేటప్పుడనుకున్నాం మేడమ్. గడప కాడ తీసేస్తాం. ఇంట్లోకి ఎవరమూ చెప్పులతో రాం గదా."

మేడమ్ నుదురు పట్టుకుంది. ఆమెది ఆత్మకూరే, ఆమె ఇంట్లో కూడా అంతే. "ఇంట్లో కూడా అని నేను చెప్పలా, మీరు అడగలా. మరి ఆ ఎదురింట్లో ఎందుకు తీయించలేదు?" అంది.

"ఆ వసారా అంతా కట్టె పేళ్ళు మేడమ్. కాలు పెడితే గుచ్చుకుంటాయి. ఆడ అందరూ చెప్పులతోనే తిరగతారు."

అంతే. అంతకు మించి ఏమీ లేదు. తాయెత్తు లేదు, మంత్రం లేదు, నానీ చేతిలో మహిమ లేదు. కట్టె పేళ్ళు! ఆ పూట తిరుగు బస్సులో నా సంతోషం చూడాలి. పాపకు దారి దొరికిందన్న సంతోషం ఒక పాలు, ఇందులో ఆ ముసలామె గొప్ప ఏమీ లేదన్న సంతోషం రెండు పాళ్ళు. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆమె దగ్గరికి పోయి చెప్పాను. నానీ ఆకురాయి పక్కన పెట్టి శ్రద్ధగా వింది. విని, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"అయితే నేనేం చేయలా! పేళ్ళు చేసినాయి. అల్లా, పేళ్ళకు బిస్కెట్లు పెట్టాల నేను" అంది. ఆమె మొహం మారుతుందని చూశాను. మారలేదు.

బూట్లు ఇంట్లోకి తేవడానికి మా అత్త ఒప్పుకుంటుందా అన్నది నాకు పెద్ద భయం. మా ఇంట్లో ముందు గదిలోనే దేవుడి పటాలు. తడి ఆరని కాళ్ళతో నేను నడిచినా ఊరుకోని మనిషి. చెప్పగానే "దేవుడున్న ఇంట్లోకి బూట్లా?" అని ఒక్క మాట అంది. కాసేపటికి లేచి, పాప బూట్లు ఒళ్ళో పెట్టుకొని, తడిగుడ్డతో అడుగులు తుడిచి తుడిచి, రవ్వంత పసుపు రాసింది. "ఇయ్యి చెప్పులు గాదు. దాని కాళ్ళు. కాళ్ళు కడుక్కోని రావడమే గదా మన పద్ధతి" అంది. అప్పటి నుంచి మా గడప పక్కన ఒక గిన్నెలో నీళ్ళు, ఒక గుడ్డ. పాప వీధిలో నుంచి రాగానే బూటు అడుగు తుడవడం, లోపలికి నడిపించడం. ఎదురుగా వసారాలో నుంచి నానీ కోడలు రోజూ చూసి ముసిముసిగా నవ్వుకునేది.

పాప మా ఇంట్లో కూడా మడమలు ఆనించి నడవడం మొదలుపెట్టింది. మంచం నుంచి బీరువా దాకా, బీరువా నుంచి వంటింటి గుమ్మం దాకా. మేడమ్ వారం వారం కొత్త పని ఇచ్చేది, బరువు ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి మార్చడం, పక్కకు నడవడం, కమ్మీల మధ్య ఒక చెయ్యి వదలడం. ఇక నానీ అవసరం తీరిపోయిందని నేను అనుకున్నాను. పాప అనుకోలేదు. బడి నుంచి రాగానే వాకర్ గరగరలాడించుకుంటూ వీధి దాటేది.

పోవడం మాత్రమే. రావడం లేదు. దీపాలు పెట్టే వేళకు నేను పోయి రమ్మంటే నేల మీద చతికిలబడేది. నానీ కూడా గోడకు ఆనుకొని చెయ్యి చూపించేది, "పో, మీ అమ్మ కాడికి నడిచి పో, చూస్తా" అని. కదిలేది కాదు. చివరికి నేను దాన్ని ఒక చంకన, వాకర్ ను ఇంకో చేత్తో ఎత్తుకొని వీధి దాటేదాన్ని. పిల్ల పెరిగింది, బరువు పెరిగింది, నా నడుం విరిగిపోయేది. "పోయేటప్పుడు నడక, వచ్చేటప్పుడు చంక" అని మా అత్త దానికి ఒక పేరు పెట్టింది. నేను దేవుణ్ణి పెద్దగా ఏమీ కోరలేదు. పరుగెత్తాలని కోరలేదు. ఆ ఎదురింటి నుంచి ఒక్కసారి, తన కాళ్ళ మీద, తనకు తానుగా, నా దగ్గరికి నడిచి రావాలని కోరుకున్నాను. ఆమె దగ్గరికి అన్నిసార్లు నడిచిన పిల్లకు నా దగ్గరికి ఒక్కసారి రావడానికి ఏం అడ్డం?

ఒకరోజు ఆ మాట బయటికే అనేశాను. "అంతా నీ కాడికే నడుస్తాది. నా కాడికి రాదు" అన్నాను. నానీ చెంచా మీద పొడి ఊది, వెలుతురుకు ఎత్తి చూసి, పక్కన పెట్టింది.

"నా కాడికి నడిచి వస్తాది, నిజమే. ఇన్నేండ్లుగా ఈడనే ఆడతాది, నా చేతి బిస్కెట్లు తింటాది. పడితే మాత్రం ఒక్కనాడన్నా నానీ అనిందా? అమ్మా అనే అరస్తాది, దొంగది. నేను పక్కనే ఉంటా, అయినా అమ్మా అంటాది. నాకు మాత్రం ఎట్టుంటాది చెప్పు?"

ఆ మాటల్లో నవ్వు లేదు. ఆమె కళ్ళలో నాకు బాగా తెలిసిన ఒకటి కనపడింది. రోజూ అద్దంలో చూసుకునేదే. ఆమె కూడా కుళ్ళుకుంటున్నది! ఆ రాత్రి నేను కడుపు నిండా తిన్నాను.

ఆత్మకూరు నుంచి వచ్చే బస్సులో పాపకు చెప్పాను, నానీ చచ్చిపోయిందని. కిటికీ కమ్మీకి నుదురు ఆనించి బయటికి చూసింది. వాళ్ళ తాతను తీసుకుపోవడం చూసిన పిల్ల, దానికి అర్థమయింది.

"నేను చేతులిడిసి నడిచినా గదా. ఎవురికి చెప్పాల?" అంది.

"నేను చూసినా గదమ్మా."

"నువ్వు చూస్తివి. నానీ చూళ్ళేదు గదా."

చనిపోయిన మనిషి మీద కూడా నాకు మంట తగ్గలేదని రాస్తే మీరు నమ్ముతారో లేదో. తగ్గలేదు.

మేం వచ్చేసరికి వీధిలో షామియానా వేసి ఉంది. వాళ్ళ మెట్ల దగ్గర చెప్పుల గుట్ట. ఆడవాళ్ళంతా లోపల గదిలో, ఆమె చుట్టూ. పాప వాకర్ తోసుకుంటూ చెక్క మీదుగా వసారా ఎక్కింది. లోపలి గుమ్మం దగ్గర ఆగిపోయింది. వసారాలో బూట్లకు అడ్డు లేదు గానీ లోపలి గది నానీ నమాజు చేసుకునే చోటు. అక్కడికి ఏనాడూ బూట్లతో పోలేదు. ఎప్పుడైనా పోవాలంటే నానీ బూట్లు విప్పి ఎత్తుకొని పోయేది. పాప గుమ్మం ముందు నిలబడి తన బూట్ల వైపు, లోపలికి, నా వైపు చూసింది.

నానీ కోడలు లోపలి నుంచి లేచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. ఎక్కడి నుంచో ఒక తడిగుడ్డ తెచ్చి, గుమ్మం ముందు కూర్చుని, పాప బూటు ఒకటి ఎత్తి అడుగు తుడిచింది. తర్వాత రెండోది. అచ్చం మా అత్త తుడిచినట్టే, మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ళ దాకా.

"రా బంగారు, నడిచే రా" అంది.

పాప నడిచి పోయింది. ఆ గదిలోకి తన కాళ్ళ మీద పోవడం అదే మొదలు. తెల్లటి గుడ్డలో పడుకోబెట్టిన నానీ తల దగ్గర వాకర్ ఆపి, కాసేపు చూసి, "నానీ, నేను చేతులిడిసి నడిచినా" అని చెప్పింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ బావురుమన్నారు. నేనూ ఏడ్చాను. ఆ కబురు నేను చెప్పాలనుకున్నది. నన్ను చెప్పనివ్వలేదు తల్లీకూతుళ్ళలా ఆ ఇద్దరూ.

మగవాళ్ళు వచ్చి జనాజాను భుజాల మీదికి ఎత్తుకున్నారు. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాం. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కొని వెళ్ళిపోయారు. పాప వసారాలో తను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. నేను ఇంటికి వచ్చి తలస్నానం చేసి, దీపం పెట్టి, ఎప్పటిలాగే దాన్ని ఎత్తుకురావడానికి గడప దగ్గరికి వచ్చాను. ఎప్పటిలాగే నడుం మీద ఒక చెయ్యి వేసుకున్నాను.

పాప అప్పటికే లేచి నిలబడి ఉంది.

వాకర్ ను ఇటు తిప్పింది. చెక్క మీద దిగేటప్పుడు ఒక్క క్షణం ఊగింది. నేను పరుగున మెట్టు దిగి చేతులు చాచాను.

"రాబాక. నేనే వస్తా" అంది.

ఆగిపోయాను. వీధిలో చక్రాల గరగర ఒక్కటే. మడమ ఆనించి ఒక అడుగు, ఆగి, నిలదొక్కుకొని ఇంకో అడుగు. ఆ చప్పుడు నా నుంచి దూరంగా పోవడమే ఇన్నేళ్ళూ విన్నాను, దగ్గరికి రావడం వినడం అదే మొదలు. మా అత్త నా చేతికి తడిగుడ్డ అందించింది. నేను గడప మెట్టు మీద కూర్చున్నాను. పాప నా ముందుకొచ్చి, వాకర్ గట్టిగా పట్టుకొని, తుడవమని ఒక కాలు కొంచెం పైకెత్తింది.

బూటు చేతిలోకి తీసుకున్నాను. తీసుకుంటూనే తలెత్తి, గెలిచిన మనిషిలాగా, ఎదురింటి వైపు చూశాను. చూసిందా అని.

వసారాలో ఎవరూ లేరు. గోడ పక్కన ఆమె కూర్చునే చోటును ఎవరూ ఊడవలేదు. పొద్దున రుద్దిన చెంచా పొట్టు అక్కడ తెల్లగా పరుచుకొని ఉంది. దాని మీద వాకర్ చక్రాల గీతలు రెండు, మా ఇంటి వైపుకి.